ఆకాశానికి కట్టిన పరదా

ఆ రోజుల్లో మాకు ఆకాశమంటే మిద్దె మీద మిగిలిన జాగనే. బట్టలు ఆరేసేది దాని కిందనే, మిరపకాయలు ఎండబోసేది దాని కిందనే, ఎండకాలమొస్తే చాపేసుకొని పండేది గుడ దాని కిందనే. దాంట్ల ఎవలో ఏదో ఎగరేస్తరని, అది మన నెత్తి మీదికెల్లి తిరిగిపోతదని కలల గుడ అనుకోలే. ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు. నవ్వనీయండి, నవ్వేటందుకే చెప్తున్న. కాకపోతే మీరు నవ్వేటప్పుడు నేను మొహం కొంచెం పక్కకు తిప్పుకుంట, ఏమనుకోవద్దు.

నేను పెండ్లయి యాకుత్‌పురా ఇంటికొచ్చిన కొత్త. మా అత్తమ్మ మస్తు మడి మనిషి. ఆమె ఆరేసిన మడిబట్టకు గాలి తగిలినా ఏ దిక్కుకెల్లి వచ్చిన గాలని అడిగేటట్టు ఉండేది. మా ఆయన దఫ్తర్‌ల గుమాస్తా. పొద్దుమీకి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కొని, అరుగు మీద కూసొని అఖ్బారు పైకి చదివేటోడు. నేను పొయ్యి కాడ సగం వినేదాన్ని, మిగిలిన సగం నా అంతల నేనే పూరా చేసుకునేదాన్ని. (మూడో తరగతిల బడి మాన్పిచ్చిన్రు గాని, ఊహించుడు ఎవ్వరూ మాన్పియ్యలే.) ఇంట్ల నా మాట అడిగే దిక్కు లేకుండె. ఉప్పు ఎంతెయ్యాల్నో గుడ అత్తమ్మనే చెప్పేది. అందుకే మధ్యాహ్నం పని అయినంక మిద్దెక్కి, విన్న ముచ్చట్లన్నీ పక్కింటి ఖాలాకు చెప్పుకునేదాన్ని. మా మిద్దె, వాళ్ళ మిద్దె ఆనుకొనే ఉండె, నడుమ ఛాతీ దాక గోడ. ఆమె వింటుంటే నాకు నేనే పెద్దమనిషి లెక్క కనబడేదాన్ని.

గల్లీకంతా ఆమె ఖాలానే, అంటే చిన్నమ్మ. రంజాన్ దగ్గర పడితే ఇంటింటోళ్ళు తమ పిండి తెచ్చి ఆమె ముంగట పెట్టేటోళ్ళు. ఆమె దాన్ని తడిపి, పీటకు బిగించిన మిషన్ల పెట్టి తిప్పి, దారాల కంటె సన్నగ సేవియా (మన సేమియానే) తీసి, మిద్దె మీద కట్టెలకు వేలాడేసి ఎండబెట్టేది. పండుగకు ఎవరి సేవియా వాళ్ళకు చేరేది. వండింది పంపితే మా అసొంటి ఇండ్లల్ల తినరని తెలుసు గనుక, మాకు ఎండు సేవియానే ఉతికిన గుడ్డల మూటగట్టి, మీద చక్కెర పొట్లం పెట్టి పంపేది. మా అత్తమ్మ గుడ ఆ మూటను వద్దనకపోయేది. ఒక్క ఏడు పిండి చెడగొట్టిందన్న మాట ఖాలా మీద లేకుండె.

ఆ ఏడే రష్యావాళ్ళు ఒక ఉపగ్రహంల కుక్కను కూసోబెట్టి పైకి పంపిన్రని మా ఆయన చదివిండు. ముందు ముందు గిట్లాంటివే పైకెల్లి మబ్బుల ఫోటోలు తీసి వాన ముచ్చట చెప్తయట, రాత్రిపూట ఏ ఊర్ల ఎన్ని దీపాలున్నయో గుడ చూస్తయట అని చదివిండు. ఆ 'ముందు ముందు' అన్న మాటను నేను పొయ్యి కాడనే వదిలేసి మిగిలిందంతా మిద్దె మీదికి మోసుకపోయిన. ఒకనాడు మగ్రిబ్ నమాజు అయినంక, ఇంక పూరా చీకటి కాకముందే, ఒక చుక్క మెరుసుకుంట ఈ కొస నుంచి ఆ కొసకు సప్పుడు లేకుండ నడిచిపోయింది. అది అదేనో కాదో దేవునికెరుక. గోడ అవతల ఖాలాకు, బట్టలు తీస్తున్న అత్తమ్మకు అదే అని నేను చెప్పిన. మబ్బుల్ని చూస్తదన్న, దీపాల్ని చూస్తదన్న, మనం ఏం ఆరేసినమో గుడ చూస్తదన్న.

ఖాలా మొహం తెల్లబడ్డది. వాళ్ళ మిద్దె చుట్టూ వీధి దిక్కున మనిషెత్తు పరదా గోడలుండె, మగవాళ్ళ కండ్లు పడకుండ. పైకి మాత్రం ఏ అడ్డం లేదు. పైన ఉండేది అల్లానేనాయె, ఆయనకు పరదా ఏంది. ఇప్పుడు రష్యావాళ్ళు గుడ ఉన్నరని నేను చెప్తుంటి. ఆమె దుపట్టా నెత్తి మీదికి లాక్కొని, మెల్లగ కట్టెల పందిరి కిందికి జరిగింది. మా అత్తమ్మకు రష్యావాళ్ళ ఫికర్ లేదు, ఆమె ఫికర్ వేరే.

"లోపట కుక్క ఉన్నదంటివి గదనే?"

"ఉన్నదత్తమ్మా."

"మడిబట్టల మీదికెల్లే పోతదా?"

"మన మిద్దె మీదికెల్లే." (అడిగిన దానికి కాదనుడు నాకు అలవాటు లేదు.)

అన్నేండ్ల నుంచి గోడకు అటొకరు ఇటొకరు ఉన్నా, ఆ ఇద్దరు ఒక్క మాట మీదికి వచ్చుడు నేను అప్పుడే చూసిన. ఒకామెకు పరదా, ఇంకొకామెకు మడి. తెల్లారే పాత దుప్పట్లు, చిరిగిన చీరెలు, ఖాలా ఇంట్ల పెండ్లికి కట్టిన పాత చాందినీ గుడ్డ అన్నీ కలిపి కుట్టి, నాలుగు దిక్కుల బొంగులు నాటి, రెండు మిద్దెల మీద ఒక్కటే పరదా కట్టిన్రు. సూదిల దారం ఎక్కిచ్చింది నేనే. యాడ సందు ఉందో వెల్లకిల పండుకొని చూసి చెప్పింది గుడ నేనే. మా ఆయనకు ఈ సంగతే తెల్వదు. పగటిపూట మిద్దెలు ఆడోళ్ళయి, మగవాళ్ళు కిందికెల్లి పిలవకుండ మెట్లెక్కుడు మా గల్లీల లేకుండె.

ఆ వారమే ఖాలా సేవియా తీసింది. గల్లీ పిండంతా కట్టెల మీద వేలాడుతుండె. ఎండల పెడితే పొద్దుమీకే గలగలమని ఎండి కిందికి దిగేటియి, ఆ పరదా నీడకు తడి తడిగనే ఉన్నయి. తెల్లారి గుడ గట్లనే. పరదా ఒక దిక్కు ఎత్తుదామా అని ఖాలా నన్నడిగింది. ఆమె అసొంటి మనిషి నన్ను సలహా అడిగిందన్న సంతోషంల నాకు ఇంకేం కనబడలే. ఏం ఫికర్ జెయ్యకు ఖాలా, ఇంకొకనాడు ఉండనీ, మబ్బులుంటే ఆ చుక్క ఆగి ఆగి చూసుకుంట పోయేది, నిన్న ఉరికింది, అంటే వాన లేదు అని చెప్పిన. ఆ మాట నోట్లకెల్లి వచ్చే దాక నాకు గుడ తెల్వదు.

ఆనాడే పగటి మూడో జాముకు చెడగొట్టు వాన వచ్చింది. ముందుగాల గాలి, అటెన్క పెద్ద పెద్ద చినుకులు. మేము మెట్లెక్కే లోపల పరదా నీళ్ళు నింపుకొని బర్రె పొదుగు లెక్క కిందికి దిగింది. ఖాలా రెండు చేతులతోని దాన్ని పైకి ఎత్తిపట్టబోయింది. నేను ఇటు నుంచి బొంగు పట్టుకున్న. నా చేతులనే బొంగు ఇరిగింది. దుప్పట్లు, చీరెలు, చాందినీ, నీళ్ళు అన్నీ సేవియా మీద పడ్డయి. ఎత్తి చూస్తే గల్లీ పండుగంతా గోడకు పూసే సున్నం లెక్క ముద్దయి ఉండె. ఖాలా ఆ ముద్దను చేతిలకు తీసుకొని, ఏండ్లపొడుగునా గిట్ల కాలే అని తనకు తానే చెప్పుకుంది.

పొద్దుమీకి మా ఆయన వచ్చే దాక ఆమె ఆగింది. మా మెట్ల కాడ ఒక దుప్పటి పరదా లెక్క అడ్డం కట్టి, దాని ఎనుక నిలబడి, బేటా, మీ అఖ్బార్‌ల ఆ కుక్క మమ్మల్ని చూస్తదని రాసిన్రా అని అడిగింది. ఆయనకు ఏం సమజ్ కాలే. "ఏ కుక్క ఖాలా? అది పైకి పోయినప్పుడే సచ్చిపాయె, పాపం. ఆ డబ్బకు కండ్లు లేవు గిండ్లు లేవు. మబ్బులు చూసుడు ముందు ముందటి ముచ్చట. ఎవలు చెప్పిన్రు నీకు?"

ఎవ్వరూ నా పేరు చెప్పలే. చెప్పే పని గుడ లేకుండె. అత్తమ్మ ఒక దిక్కు నుంచి, పరదా సందులకెల్లి ఖాలా ఒక దిక్కు నుంచి చూస్తుంటే, నేను కంచం మీద లేని ఈగను తోలుకుంట కూసున్న. తిడితే బాగుండు అనుకున్న. ఖాలా తిట్టలే.

"నువ్వు గంత మంచిగ చెప్తివి బేటీ, అబద్ధమనుకోబుద్ధి కాలే," అన్నది.

గా మాట ఇప్పటికీ నా చెవుల్నే ఉన్నది. తెల్లారి ఆమె బురఖా వేసుకొని నన్ను ఎంట తీసుకొని బయలెల్లింది. మళ్ళ పిండి నేను అడుగుత, సేవియా ఎట్ల పాడైనయో మాత్రం నువ్వు చెప్పాలె అన్నది. ఒక్కొక్క గడప కాడ తల వంచుకొని చెప్పిన. మొదటింట్ల ముక్కలు ముక్కలుగ చెప్పిన. రెండో ఇంట్ల మాట కొంచెం సాఫుగ వచ్చింది. మూడో ఇంటికి వచ్చేసరికి వాళ్ళు నవ్వుతుంటే నా బుద్ధి మళ్ళ పైకెక్కి, బొంగు ఇరిగినప్పుడు ఉరుము వచ్చిందని ఒకటి కలిపిన. బురఖా లోపట నుంచి ఖాలా నా మోచెయ్యి గట్టిగ గిచ్చింది. ఉరుము రాలే అని అక్కడికక్కడే నాతోని చెప్పిచ్చింది. పిండి ఇయ్యనని ఎవ్వరూ అనలే. ఇచ్చుకుంట మాత్రం అందరూ పైకి చూపెట్టి, ఇయ్యాల వానుందా కోడలా అని అడిగిన్రు.

రంజాన్ నెలంతా ఆమె రోజా ఉండుకుంటనే మళ్ళ పిండి తడిపింది. మిషన్ తిప్పుడు నా వంతు. అత్తమ్మ మడి పక్కకు పెట్టి నన్ను పంపింది (ఇంటికొచ్చినంక మాత్రం స్నానం చేపిచ్చేది). పండుగనాడు మా ఇంటికి గుడ్డమూట వచ్చింది, మీద చక్కెర పొట్లంతోనే. నేను వండిన పాయసం అందరూ బాగుందన్నరు, నా వంతు గుడ మా ఆయన కంచంలనే పోసిన.

ఇప్పుడు మా మనవడు ఫోన్ల మబ్బుల బొమ్మలు చూపెడ్తడు. ఇగో అవ్వా, ఆకాశంల నుంచి తీసింది, ఇగో రాత్రిపూట మన పట్నం అని. నల్లటి దాంట్ల దీపాలు ఆవాలు ఒలకబోసినట్టు మెరుస్తుంటయి. నేను అప్పుడు చెప్పిందే గదరా ఇది, కొన్నేండ్లు ముందుగ చెప్పిన, గంతే అని నోటిదాక వస్తది. వచ్చినంక చెవులు వేడెక్కి ఊకుంట. ఆ మిద్దె మీద నిలబడి ఆకాశం దిక్కు వేలు చూపెడ్తున్న ఆ కొత్త కోడల్ని పట్టుకొని, జర ఆగవే, ఇంకా టైమున్నదే అని చెప్పాలనిపిస్తది. చెప్పినా అది వినేది కాదు. ఆ పొద్దు దాని మాట వినేటందుకు ఖాలా ఉండెనాయె.