ఒక్క మెట్టు

నేను రాసిన కోడ్ తనదని చెప్పుకొని నా దోస్తు ప్రవీణ్ ఆఫీసుల టీమ్ లీడ్ అయిండు. ఆ ఆదివారమే మట్టెవాడ చర్చిల వాడు పాడాలె, నేను కీబోర్డ్ వాయించాలె.

హైదరాబాద్ నుంచి వస్తున్న బస్సుల, రఘునాథపల్లిల ఎక్కి నా పక్కన కూసున్న పెద్దమ్మ, "మొఖం గట్ల పెట్టినవేంది బిడ్డా?" అన్నది. తెలవని మనిషే కదా అని అంతా చెప్పిన. శ్రుతి రెండు మెట్లు పెంచి వాని పరువు తీస్తనని కూడా చెప్పిన.

ఆమె నా చెవి దిక్కు వంగింది.

"రెండు పెంచితే పల్లవిలనే దొరుకుతవు. ఒక్కటే పెంచు. చరణంల వాడే దొరుకుతడు. నేను భజనల్ల పాడినదాన్నే."

ఆదివారం చర్చిల ఒక్క మెట్టే పెంచిన. చరణంల వాని గొంతు కీచుమన్నది. ముందు వరుస పిల్లలు నవ్విన్రు.

"ఇయ్యాల గొంతు బాగలేదురా," అన్నడు బయటికొచ్చి.

వేడినీళ్లు నేనే తెచ్చిచ్చిన. ఇంకిన్ని తాగురా అని గ్లాసు మల్ల నింపిన.