ఏ బస్సు సగటు ఆ బస్సుకే

సగటు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తొంభైల చివర్లో నేను రాయ్‌పూర్ ఊరవతల మందిర్ హసౌద్ దగ్గర ఓ ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. నాలాంటి టెంపరరీ వాళ్లలో ఎవరిని పర్మనెంట్ చేయాలో తేల్చే పని ఆ సంవత్సరం మా మేనేజర్ మీద పడింది. ఆయనది నిజామాబాద్ వైపు, పెరిగింది మాత్రం రాయ్‌పూర్‌లోనే.

"సగటు కన్నా ఎక్కువ లేటు వచ్చినోళ్ల పేర్లు తియ్యి. వాళ్లను ఈసారి పక్కకు పెడ్దాం. షామ్ వరకు నా టేబుల్ మీద ఉండాలె," అన్నాడు.

రాయడం తేలికే. క్వెరీలో, అంటే కంప్యూటర్‌ని అడిగే ప్రశ్నలో, బ్రాకెట్ల మధ్య ఇంకో క్వెరీ ఉంటుంది. లోపలిది ముందుగా అందరి ఆలస్యానికీ సగటు కట్టి ఇస్తుంది. బయటిది ఒక్కొక్కరినీ దానితో పోల్చి, దాటినవాళ్లను పట్టుకుంటుంది. ఎంటర్ నొక్కాను. తెర మీదికి వచ్చినవాళ్లలో ఒకరిద్దరు తప్ప అందరూ మా పేట గుఢియారీ నుంచి వచ్చే ఫ్యాక్టరీ బస్సువాళ్లే. నేనూ ఉన్నాను.

ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపం ముంచుకొచ్చింది. మా బస్సు రోజూ రైల్వే గేటు దగ్గర ఆగిపోతుంది. గూడ్సు బండి కదిలేదాకా డ్రైవర్ బీడీ కాల్చుకుంటాడు, మేం గేటు మనిషిని తిట్టుకుంటాం. మందిర్ హసౌద్ వాళ్లేమో తీరిగ్గా టీ తాగి నడిచి వస్తారు. అందరినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే దోషులం మేం కాక ఇంకెవరు?

మేనేజర్ వచ్చి తెర చూశాడు.

"గుఢియారీవోళ్లు అంతా కామ్‌చోర్‌లు. నువ్వు మంచిగనే పనిచేస్తవు గదా, ఒక కండిషన్ పెట్టి నీ పేరు తీసెయ్. అంతే, ఖతం."

"నా ఒక్కదాని పేరెందుకు తీస్తాను సార్? లెక్కే తప్పు. గేటు పడిపోతే మేమేటి చేస్తాం?"

"లెక్క కంప్యూటర్ చేసింది."

"మీరు అడగమన్నట్టు అడిగాను, అది చెప్పింది. ఇప్పుడు సరిగ్గా అడుగుతాను."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. నేను లక్ష్యపెట్టలేదు. ఎవరు ఏ బస్సులో వస్తారో కూడా కంప్యూటర్‌లోని ఆ హాజరు పట్టికలోనే ఉంది. లోపలి క్వెరీకి ఒక షరతు తగిలించాను: ఎవరిని చూస్తున్నామో వాళ్ల బస్సువాళ్లకు మాత్రమే సగటు కట్టాలి, నడిచి వచ్చేవాళ్లకు నడిచి వచ్చేవాళ్లతోనే. ఇక అది ఒక్కసారి తేల్చి ఊరుకోదు, ప్రతి మనిషికీ మళ్లీ మొదటి నుంచి లెక్క కడుతుంది. ఆ పాత మిషన్ చాలాసేపు మూలిగింది.

ఒకే బస్సులోంచి దిగేవాళ్ల ఆలస్యం ఒకటే కాబట్టి మా వాళ్లంతా జాబితా నుంచి తప్పించుకున్నారు. నడిచి వచ్చేవాళ్లలో కొందరు చిక్కారు. మా బస్సు నుంచి ఒక్క పేరే మిగిలింది, నాది.

మా వీధి కుళాయికి సరిగ్గా బస్సు వేళకే నీళ్లొచ్చేవి. బిందెలు నిండకుండా నేను కదిలేదాన్ని కాదు. బస్సు పోతే టెంపో పట్టుకుని, బస్సు కన్నా ఇంకా ఆలస్యంగా వచ్చేదాన్ని. అందుకు అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

మేనేజర్ పగలబడి నవ్వాడు. "ఇంత కొట్లాడి నువ్వే ఇరుక్కున్నవ్. ఇప్పుడన్నా కండిషన్ పెట్టు."

ఆ ఉద్యోగం మా ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ నా పేరు తీసేస్తే, మిగతావాళ్లవీ అలాగే తీశానంటాడు. ప్రింట్ కొట్టి, ప్రింటర్ నుంచి కాగితం చింపి ఆయన చేతిలో పెట్టాను.

"నా పేరుతోనే పైకి పంపండి సార్. మీరు పంపకపోతే నేనే పట్టుకెళ్తాను."

పంపాడు. మా బస్సులో అందరూ పర్మనెంట్ అయ్యారు, నేను తప్ప. ఆ మర్నాడు కూడా బిందెలు నింపుకునే బయల్దేరాను.