బోరింగుకు ఎర్రగుడ్డ కట్టించిన ఘనత

ఆ రోజుల్లో నా అలసటకు వయసును సాకుగా చూపే వీలు కూడా లేదు. ఇరవై మూడేళ్లకే ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ కూలబడేవాణ్ణి. (ఇప్పుడు నడుంనొప్పి ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు.) కొత్తగా చేరిన ప్రయోగశాల వాళ్లు నా చేతికొక పెట్టె ఇచ్చి ఊళ్ల మీదికి తోలారు. అందులో గోరంత చిప్పు. దాని మీద నీటిబొట్టు వేసి కాంతి పంపితే, నీళ్లలో సీసం ఉందో లేదో ఆ కాంతిలో వచ్చే తేడాను బట్టి తెర మీద అంకె పడుతుంది. జనగామలో బస్సు మారి నర్సింహులపేట దగ్గరి పల్లెకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఊరంతా తాగేది ఒక్క బోరింగు నీళ్లే. అదేమో వీధి చివర, మండుటెండలో. నేను మొదటి ఇంటి అరుగు మీదే చతికిలబడి, ఆ ఇంటి అవ్వ ఇచ్చిన నీళ్లు రెండు చెంబులు తాగి, "అవ్వా, బోరింగు నీళ్లు జర ఈ సీసల పోసియ్యవా" అన్నాను. ఆమె లోపలికి వెళ్లి నింపుకొచ్చింది. బొట్టు వేశాను. అంకె ఎగిరి కూర్చుంది. సీసం! నా మొహం వెలిగిపోయింది. (మన్నించాలి, మొదటి ఉద్యోగం.) సాయంత్రానికల్లా సర్పంచి, ఆ నీళ్లు ఎవరూ తాగొద్దని బోరింగు పిడికి ఎర్రగుడ్డ కట్టించాడు. నేను ఊరిని కాపాడిన వాడిలా బస్సెక్కి హాయిగా నిద్రపోయాను.

మళ్లీ ఒకసారి చూసి రమ్మని మా పెద్దసారు పంపితే ఎనిమిది రోజులకు వెళ్లాను. ఊరి బయటే, దూరపు పొలం మోటారు దగ్గర నుంచి బిందెలు మోసుకొస్తున్న ఆడవాళ్లు ఎదురయ్యారు. "సారూ, మంచి డబ్బనే తెచ్చినవ్. మా మెడలు ఇరుగుతున్నయ్. రేపటిసంది నువ్వే మోద్దువు రా!" అన్నది ముందు నడిచే అక్క. సిగ్గేసి, ఈసారి నేనే బోరింగు కొట్టి నీళ్లు పట్టాను. సీసం లేదు. మూడుసార్లు చూశాను, లేదు. అవ్వ దగ్గరికి పరుగెత్తాను.

"ఆనాడు నీళ్లు ఏడికెంచి తెచ్చినవ్ అవ్వా?"

"బోరింగువే నాయినా. కాకుంటే ముందురోజు తెచ్చి ఇత్తడి బిందెల పోసినయ్. సార్లకు పిలాస్టిక్ బిందె నీళ్లిస్తరా ఎవరన్న? చింతపండుతోని తళతళ తోమిన."

ఆ బిందె నీళ్లు పరీక్షిస్తే అదే అంకె. లోపల పూసిన కలాయిలో సీసం కలిసి ఉంది. పెట్టె నిజమే చెప్పింది; నాలుగడుగుల ఎండకు జడిసి నేనే ఊరికి అబద్ధం చెప్పాను. సర్పంచి ముందు, ఆ ఆడవాళ్ల ముందు నిలబడి తప్పు నాదేనన్నాను. అక్క ఎర్రగుడ్డ విప్పి నా భుజాన వేసి, "శాలువ కప్పిన, ఇగ పో" అన్నది.

ఆ బిందె నీళ్లు తాగొద్దని అవ్వకు చెప్పాను. "మేమేడ తాగినం నాయినా? అల్లుడొస్తే పోస్త, నీ అసొంటి సార్లొస్తే పోస్త" అని, అంతలోనే నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, బిడ్డకు ఫోన్ జెయ్యాలె, అల్లున్ని దవాఖానకు తోల్కపొమ్మని!" నాకు నవ్వు రాలేదు. ఆ మర్యాద రెండు చెంబులు తాగినవాణ్ణి మరి.

ఇరవై మూడేళ్ల ఆ కుర్రాణ్ణి, అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆ ఆడవాళ్లు ఎనిమిది రోజులు మోసిన నీళ్లు గుర్తొస్తే మాత్రం, ఈ నడుంనొప్పితో కూడా, కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడతాను.