బెత్తెడు దూరం

నా చెయ్యి మంచిదని పేరు రావడమే నా కొంప ముంచింది.

ఎనభైల చివర్లో కేతేపల్లి నుంచి అమ్రాబాద్ వైపు కోడలిగా వచ్చాను. ఆ ఏడాదే మామ నాకు మక్కచేనుకు, అంటే మొక్కజొన్నకు, యూరియా వేయడం నేర్పాడు. మొక్క మోకాలెత్తు పెరిగాక, వాన పదును, అంటే నేలలో తడి, ఉండగానే, మొదలుకు బెత్తెడు దూరంలో కట్టెతో గుంత చేసి, మూడు వేళ్లకు వచ్చినంత వేసి మన్ను కప్పాలి. దగ్గర వేస్తే వేరు మాడుతుంది. ఎక్కువైనా అంతే. తక్కువైతే ఆకు పసుపుబారుతుంది. పైపైన చల్లామా, ఎర్రచెలక నేల కదా, ఒక్క పెద్దవానకు కొట్టుకుపోతుంది. అంతకుముందు ఏడాది మా యారాలు, అంటే బావ భార్య, మొక్కల మొదట్లోనే పోసి నాలుగు సాళ్లు మాడ్చిందట. ఆమెను మళ్లీ యూరియా మందు ముట్టనివ్వలేదు. నేను వేసిన చేను మాత్రం నల్లగా నిగనిగలాడింది.

ఆ పదును సరిగ్గా నాగుల పంచమికే వచ్చేది. ఆడపిల్లలు పుట్టింటికి పోయే పండుగ. మొదటి ఏడాది నన్ను పంపలేదు. రెండో ఏడాది మా అన్న వచ్చాడు. అమ్మ మంచం పట్టిందని, నన్ను చూడాలంటోందని చెప్పాడు.

"పదును ఆరిపోతది బిడ్డా. నీ చెయ్యి పడకుంటే చేను ఆగమైతది. మందు అయినంక పంపుత తీ," అన్నాడు మామ.

తిట్టినా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. అన్న చాయ తాగి ఒక్కడే బస్సెక్కాడు.

మరునాడు పొద్దున్నే చేనులోకి దిగాను. ఒక సాలు అయితే ఇంకో సాలు. యారాలు పుట్టింటికి బయల్దేరుతూ గట్టు మీద ఆగింది.

"అక్కా, నువ్వు గా ఏడు ఎట్ల మాడ్చినవ్?" అడిగాను.

ఆమె అటూ ఇటూ చూసి నవ్వింది. "బెత్తెడంటే ఎంతో నాకు ఎర్కలేదనుకున్నవా? గప్పటి సంది ప్రతి పంచమికి మా అమ్మ తాన్నే ఉంటున్న."

ఆమె వెళ్లాక వంగి, గుప్పెడు యూరియా ఒక మొక్క మొదట్లో పోశాను. కొన్ని సాళ్లు ఇలా పోస్తే చాలు, నన్నూ మందు ముట్టనివ్వరు, అమ్మను చూడొచ్చు. రెండో మొక్కకు వంగాను. చెయ్యి దానంతట అదే బెత్తెడు దూరం జరిగింది. మళ్లీ మొదట్లోకి తెచ్చాను. పచ్చి ఆకు చెంపకు తగిలింది. నా వల్ల కాలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. వెనక్కి పోయి, మొదటి మొక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తెల్లటి యూరియా గింజలు ఒక్కొక్కటే ఏరాను.

అటుగా వచ్చిన మామ చూసి మురిసిపోయాడు.

"ఒక్క గింజ సుత ఖరాబు గానియ్యవు. గందుకే నిన్ను ఇడ్వబుద్ధి గాదు బిడ్డా."