అక్క భుజానికి సరిపడే విల్లు

వీధి చివరి వడ్రంగిని అందరూ మూలమట్టం అంటారు. మూలలు సరిచూసే ఆ పనిముట్టు పేరు పెట్టింది వాళ్ళక్కే. వంకర కనబడితే ఆయనకు ముద్ద దిగదు. చుట్టాలింటికి వెళ్ళినా కుశలం అడిగే ముందు తలుపు సందు చూస్తాడు.

అక్కది కుట్టుపని. తీరిక దొరికితే విలువిద్య. కుడిభుజం పట్టేశాక చెయ్యి వెనక్కి పూర్తిగా పోవడం లేదు, పాత పొడుగు విల్లు సగమైనా లాగలేకపోతోంది. ఆదివారం పోటీ.

"పొట్టిది, తేలికది చేసిపెట్టరా. లేదంటే పోటీ మానుకుంటా."

"ఇన్ని తలుపులు బిగించినవాణ్ణి, ఒక్క బద్ద వంచలేనా? నువ్వు బాణాలు సర్దుకో అక్కా."

కొట్లో ఉన్న గట్టి చెక్కల్లోకెల్లా అందమైనది తీశాడు, నీళ్ళలో సుడుల్లా చారలు తిరిగినది. తలుపుకైతే అదే సొగసు. తీరా వంచేసరికి ఫట్‌మని సుడి దగ్గరే విరిగింది.

"పాము చావలేదు గానీ కర్ర విరిగింది," అంది అక్క.

పడవ బద్దనైనా బండిచక్రం అంచునైనా ఒకసారి వంచితే చాలు, అలాగే ఉండిపోతుంది. విల్లు అలా కాదు, వంగిన ప్రతిసారీ మళ్ళీ లేచి నిలబడాలి. అందుకు చారలు ఈ కొస నుంచి ఆ కొసకు దారంలా సాగాలి. అలాంటి చెక్క కొట్లో ఒక్కటే ఉంది, చూస్తే మొహంలో కళే లేనిది. నడుమ పిడికిలికి మందంగా ఉంచి, దానికి అటూ ఇటూ ఉన్న రెండు కొమ్ములనూ కొసలకు సన్నగా చిత్రిక పట్టాడు. తాడు కట్టి, పిడిని గోడమేకుకు తగిలించి, తాడును కిందికి లాగి చూశాడు. ఒక కొమ్ము చక్కగా వంగింది. రెండోది కర్రలా బిగుసుకుంది.

"రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా తీశానే!"

"బట్టను టేపు పెట్టే కత్తిరిస్తాం. కుదిరిందో లేదో ఒంటిమీద వేసి చూస్తాం. వంగని వైపే గీకు."

ఉక్కురేకుతో గీకాడు, లాగాడు, దూరంగా జరిగి చూశాడు, మళ్ళీ గీకాడు. చివరికి రెండు కొమ్ములూ ఒకే నెలవంకగా వంగాయి. తాడు విప్పాక చూస్తే మాత్రం ఒకటి లావు, ఒకటి సన్నం. ఆయన చెయ్యి దానంతటదే చిత్రిక మీదికి పోయింది.

"చెయ్యి తియ్! దాన్ని ముట్టుకున్నావో..."

"పోటీలో నలుగురూ చూస్తే నా పరువేం కావాలే?"

"పరువు నీది, భుజం నాది. ఏది ముందు?"

మూలమట్టం చిత్రికను పెట్టెలో పడేసి మూత వేశాడు.

పెరట్లో గడ్డి కుక్కిన గోనెసంచిని గోడకు ఆనించారు. అక్క తాడు పట్టుకుని నెమ్మదిగా చెంపదాకా లాగింది. తమ్ముడు ఊపిరి బిగబట్టి చెవి రిక్కించాడు. చెక్క కిర్రుమనలేదు. బాణం వెళ్ళి సంచి అంచున దిగింది.

"పక్కకు పోయిందే!"

"అది నా గురి తప్పు, నీ విల్లుది కాదు. భుజం కిమ్మనలేదురా! ఆదివారానికి చెయ్యి కుదరాలి. ఊఁ, ఇంకో బాణం అందించు."