కుందా మెడలో బీట

దాజీ పేటలో నేను మగ్గాల వడ్రంగిని. పోగును అటూ ఇటూ నడిపే నాడెలు, తొక్కుడు కర్రలు, మగ్గం గుంజలు చేసేవాణ్ణి. ఒకసారి ఒక పోలీసు హవల్దారు విరిగిన తుపాకి కుందా పట్టుకొచ్చి, నాడె చెక్కేవాడికి ఇదొక పెద్ద పనా అన్నాడు. కుందా అంటే తుపాకి వెనక భుజానికి ఆనించుకునే చెక్క. అది చక్కగా కుదిరింది. అప్పటినుంచి షికారుకు పోయేవాళ్ళు ఏడాదికి ముగ్గురో నలుగురో నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆ పని నాకు ఇష్టంగా ఉండేది. మగ్గం మీద ఎవరు కూర్చున్నా నడుస్తుంది. కుందా మాత్రం ఒక్క మనిషి ఒంటికే కుదరాలి. మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలవాలి, చెంప ఎముక ఎక్కడ ఆనుతుందో చూడాలి. దీపపు మసిని ఆముదంలో కలిపి తుపాకి ఇనుముకు పూసి చెక్కలో పెట్టి తీస్తే, ఒరుసుకున్న చోటల్లా నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చను గోకి మళ్ళీ పెట్టాలి, మళ్ళీ తీయాలి. మచ్చలు అంతటా సమంగా పడేదాకా అదే పని.

హోట్గి రోడ్డు దాటాక జొన్నచేలున్న ఒక సుబేదారు ఉండేవాడు. పెద్ద యుద్ధంలో ఆయన కుడిభుజానికి దెబ్బ తగిలింది. కొన్న రైఫిలుకున్న కుందా పొడవై, పేల్చినప్పుడల్లా పాత గాయం మీద గుద్దేది. పొట్టిగా, తన భుజానికి సరిపోయేలా కొత్తది చేయమన్నాడు. చెక్క ఆయనే తెచ్చాడు. కూలిపోయిన పాత వాడా, అంటే వాళ్ళ పెద్దింటి, శీశం దూలం ముక్క అది. ఆయన మాట మరాఠీ, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఎనిమిది రోజుల్లో కావాలి మిస్త్రీ. అడవిపందులు చేను మొత్తం తొక్కేస్తున్నాయి. హాకా పెట్టించాను" అన్నాడు. చప్పుడు చేస్తూ జంతువులను తుపాకి వైపు తోలడాన్ని హాకా అంటారు.

ఆరోరోజు కుందా మెడ సన్నం చేస్తున్నప్పుడు బీట కనబడింది. చేయి పట్టే సన్నని చోటును మెడ అంటాం. తుపాకి వెనక్కి తన్నే బలమంతా దాని మీదే పడుతుంది. బీట వెంట్రుకంత ఉంది. తడిగుడ్డతో తుడిస్తే కనబడేది, ఆరితే మాయమయ్యేది. చెక్క మార్చాలంటే మళ్ళీ మొదటినుంచి చేయాలి. ఆయన పెట్టుకున్న రోజుకు అందదు. ఆ మాట ఆయనతో చెప్పాలి. చెప్పలేదు. నేను చేసిన పని చెడిందని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఇంకో కారణమేమీ లేదు. లక్క కరిగించి, శీశం పొట్టు కలిపి, బీట నింపాను. పైన అవిసెనూనె రుద్దాను. నా కంటికే కనబడకుండా పోయింది.

బయట బీడులో సుబేదారు అయిదుసార్లు పేల్చి చూశాడు. నేను పక్కనే నిలబడ్డాను. కుందా కదల్లేదు. ఆయన సంతోషంతో నా వీపు తట్టాడు. హాకాకు ఇంకా మనుషులు కావాలన్నాడు.

మా అక్క జోడ్‌భావి పేటలో ఉండేది. నూలు దొరకక బావ మగ్గం ఆగి నెల దాటింది. నేను వెళ్ళి చెప్పాను.

"డబ్బాలు కొట్టుకుంట చేండ్ల నడుసుడే బావా. పొద్దుమీకి అందరికి మాంసం పంచుతరంట."

బావ నవ్వాడు. "షికారు నాకేం ఎరుక? మగ్గం గుంతల కూసునేటోన్ని."

"పోరాదు, పోయి రా" అంది అక్క. "ఇంట్ల కూసోని ఏం జేస్తవ్? కూర మొఖం జూసి ఎన్నొద్దులాయె."

బావ వెళ్ళాడు.

జరిగింది తరువాత వెంట ఉన్నవాళ్ళు చెప్పారు. సుబేదారు మొదటి గుండు పంది వెనకకాలికి తగిలింది. రెండో గుండుకని బోల్టు లాగేసరికి కుందా మెడ దగ్గర విరిగి చేతికి వచ్చింది. పంది తిరిగి, డబ్బా పట్టుకుని అందరికంటే ముందున్న బావ మీద పడింది. కోర తొడను చీల్చేసింది.

ఎద్దులబండి సివిల్ ఆస్పత్రికి చేరేసరికి బావ కింద పరిచిన జొన్నసొప్ప తడిసి ముద్దయింది. కబురు విని పరుగెత్తిన నన్ను గుర్తుపట్టాడు.

"ఏమిరా, ఈ కాలు ఇగ మగ్గం తొక్కుతదా?"

"తొక్కుతది బావా" అన్నాను. మధ్యాహ్నానికి పోయాడు.

మూడోనాడు సుబేదారు కుందా ముక్కలు రెండూ గుడ్డలో చుట్టి తెచ్చాడు. ముసలాయన కళ్ళు వాచి ఉన్నాయి. "తప్పు మా దూలానిది. కూలిన ఇంటి చెక్క నీకిచ్చాను. ఆ పాపం నాది మిస్త్రీ" అన్నాడు.

విరిగినచోట సగం పచ్చిగా ఎర్రగా ఉంది. లక్క దిగిన మిగతా సగం నల్లగా మెరుస్తోంది. ఆయన వేలుపెట్టి చూపించాడు. "ఈ నలుపేంటి?"

"పాత దూలం కదా సాబ్. పొగ పట్టి ఉంటుంది" అన్నాను.

ఆయన తలూపి, అక్క ఇంటికి దారి అడిగి, వెళ్ళిపోయాడు.

అక్క ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో ఒకటే మాట చెప్పుకునేది. "పోనంటుండె. నేనే పొమ్మన్న. కూరకోసం మొగని పానం తీసుకున్న." నెలయినా అదే మాట. నేను వింటూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు రాట్నం మీద కండెలు చుడుతూ మళ్ళీ అంది. ఇక నావల్ల కాలేదు.

"నువ్వు పంపినందుకు గాదక్కా. ఆ చెక్కల బీట ఉండె. నేను లక్క వెట్టి దాసిన."

రాట్నం ఆగింది. "ఎన్నడు ఎరుక నీకు?"

"ముందే."

"బావను హాకాకు పొమ్మన్ననాడు ఎరుకేనా?"

"ఎరుకే."

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తెగిన నూలుపోగు వెతికి, ముడివేసి, అప్పుడు తలెత్తింది.

"సుబేదారుకు జెప్పినవా?"

"లేదు."

"ఆ ముసలోడు ఈడ నేలమీద కూలవడి ఏడ్సిండు. ముందుగాల ఆయనకు జెప్పి రా, పో."

మర్నాడు నడుచుకుంటూ వెళ్ళాను. సుబేదారు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. ఆయన చివర్లో అడిగాడు.

"పరీక్షకు పేల్చినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు కదా?"

"ఉన్నాను సాబ్."

"నేను నీ వీపు తట్టాను."

"అవును సాబ్."

లేచి లోపలికి వెళ్ళిపోయాడు. పోలీసులను పిలుస్తాడనుకుని నిలబడే ఉన్నాను. పిలిస్తే బాగుండునని కూడా అనిపించింది. చాలాసేపటికి పనిమనిషి వచ్చి, నన్ను వెళ్ళమన్నారని చెప్పింది. ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నన్ను మళ్ళీ చూడనూ లేదు.

నేను అక్క ఇంటికి చేరేసరికి తలుపు వేసి ఉంది. పిలిచాను.

"జెప్పినవా?" లోపలినుంచే అడిగింది.

"జెప్పిన."

"మంచిది."

గడియ తీస్తుందని కాసేపు చూశాను. తీయలేదు.

తరువాత పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసేవాళ్ళం. నలుగురిలో నన్ను తమ్మీ అనే పిలిచేది, విస్తట్లో అన్నం కూడా పెట్టేది. బావ మగ్గంలో తనే కూర్చుంది. ఆ మగ్గానికి ఏ రిపేరు వచ్చినా వేరే గల్లీ వడ్రంగిని పిలిపించుకునేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు అతను గుంజ బిగిస్తున్నాడు. వంకరగా బిగిస్తున్నాడని కనబడుతూనే ఉంది. అక్క చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగి, కప్పు కిందపెట్టి, వచ్చేశాను.