పులికి దొరికిన ముసలామె

ఆ రోజుల్లో మాట తెలిస్తే మనిషి తెలిసినట్టేనని నాకో గట్టి నమ్మకం. హైదరాబాదులో జపాన్ భాష నేర్చుకుని, క్యోటో నగరంలో మసాలా దినుసులు కొనే ఒక కంపెనీలో దుబాసీగా చేరాను. (మా చుట్టాలంతా నేను చైనాలో ఉన్నానని చెప్పుకునేవారు. దిద్ది దిద్ది వదిలేశాను.) మా మేనమామ నిజామాబాద్ గంజ్‌లో పసుపు వ్యాపారి. ఆయన సరుకు మా కంపెనీకే వచ్చేది కాబట్టి, కొనేవాళ్ళను చూడటానికని ఒకసారి క్యోటో వచ్చాడు. అసలు సంగతి వేరే. అంతకు ముందు ఏడాదే మా అత్తమ్మ చనిపోయింది. ఆమెది బోధన్, చెరుకు పండించే ఇల్లు. అందుకని మామ ఆమెను పేరుతో పిలవకుండా ‘సక్కెరా’ అని ఆటపట్టించేవాడు. ఆమె పోయాక ఆ మాట ఆయన నోట రాలేదు. ఏడవనూ లేదు. ఎవరైనా అత్తమ్మ ఊసెత్తితే పసుపు కొమ్ములు ఎండబెట్టడం గురించి మొదలుపెట్టేవాడు. అమ్మ నాకు ఫోన్ చేసి, “నవ్విస్తవో ఏడ్పిస్తవో నీ ఇష్టం బిడ్డా. గిట్లనే బిగవట్టుకోని ఉంటె మీ మామ మనకు దక్కడు,” అంది.

మా కంపెనీ పెద్దాయన మామను గౌరవించాలని ఒక సాయంత్రం మమ్మల్ని టీ ఇంటికి పిలిచాడు. టీ ఇల్లంటే మన ఇరానీ హోటల్ అనుకునేరు. గీషాలనే కళాకారిణులు పాటతో, నాట్యంతో, మాటకారితనంతో అతిథులను అలరించే పాతకాలపు చెక్క ఇల్లది. ఎంత గొప్పవాడైనా నేరుగా వెళ్ళి తలుపు తడితే రానివ్వరు. పాత అతిథి ఎవరైనా వెంటబెట్టుకుని రావాలి, కొత్తవాడు తప్పు చేస్తే ఆ తెచ్చినవాడు మాట పడాలి. ఇదంతా చెబితే మామ, “మన తాన పిల్లను సూడవోయినట్టే గదనే. నడుమ పెద్దమనిషి లేంది గడప తొక్కనియ్యరు,” అని తేల్చేశాడు. మామ వల్ల ఆ పెద్దాయన ఎక్కడ మాట పడతాడోనని నాకు ఒకటే గుబులు.

అనుకున్నంతా అయింది. తెల్లటి ముఖంతో, బరువైన పట్టు కిమోనోతో ఒక నడివయసు గీషా వచ్చి చాప మీద మోకరిల్లి నమస్కరించగానే మామ నా వైపు వంగి, “మొకానికి గంత సున్నం ఏసుకున్నదేంది బిడ్డా, ఈడ పసుపు దొర్కదా?” అన్నాడు. ఏమన్నారని ఆమె అడిగింది. మీరు పున్నమి చంద్రుడిలా ఉన్నారంటున్నారు అని చెప్పాను. (దుబాసీ ఉద్యోగమంటే సగం ఇదే.)

తర్వాత ఆట మొదలైంది. మధ్యలో ఒక తెర. దానికి చెరో పక్క ఇద్దరు నిలబడి, పాట ఆగగానే పులిగానో, బల్లెం పట్టిన వీరుడిగానో, కర్ర పట్టిన ముసలామెగానో బయటికి రావాలి. వీరుడు పులిని చంపుతాడు, పులి ముసలామెను తింటుంది, ముసలామె వీరుడికి తల్లి కాబట్టి ఆమె ముందు వీరుడు ఓడిపోతాడు. ఓడినవాళ్ళు ఒక గుక్క తాగాలి. మామ మందు ముట్టడు కనుక ఆయన గిన్నెలో టీ పోశారు. పాట ఆగింది. మామ ముసలామెగా వచ్చాడు. అవతల నుంచి గీషా పులిలా పాకుతూ వచ్చింది. అందరం నవ్వాం. రెండోసారీ ముసలామె, రెండోసారీ పులి. నాకు చిరాకేసింది. “మామా, జర బల్లెం పట్టు. ముసలామెను పులి తింటదని చెప్పిన గద,” అన్నాను. సరేనని తలూపి తెర వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముసలామెగానే వచ్చాడు.

అప్పుడు చూశాను. ఎడమ చెయ్యి మోకాలి మీద. రెండడుగులు వేసి ఆగడం. భుజం మీద లేని కొంగును సర్దుకోవడం. నిజాంసాగర్ కాలువ గట్టు మీద, చెరుకు తోట పక్కన అత్తమ్మ అచ్చం ఇలాగే నడిచేది. గీషా నా ముఖంలోకి చూసి, ఏమైందని మెల్లగా అడిగింది. “మా అత్తమ్మ. ఇప్పుడు లేదు,” అన్నాను. అంతకు మించి ఒక్క జపాన్ ముక్క రాలేదు.

ఆమె లేచి తెర వెనక్కి వెళ్ళింది. పాట ఆగింది. ఇటు నుంచి మామ వచ్చాడు. అటు నుంచి ఈసారి పులి రాలేదు. నడుం వంచి, ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టి, రెండడుగులకోసారి ఆగి, కిమోనో భుజం మీద లేని కొంగు సర్దుకుంటూ ఒక ముసలామె వచ్చింది. ఇద్దరూ ఒకటే అయితే ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. మామ ఆమెను చాలాసేపు చూశాడు. “మెల్లగ రా, సక్కెరా,” అన్నాడు. అని చాప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఏమన్నాడని పెద్దాయన అడిగాడు. మెల్లగా రమ్మన్నాడని చెప్పాను. మిగతాది చెప్పడం నా వల్ల కాలేదు.

బయటికి వచ్చాక మామ కళ్ళు తుడుచుకుని, “ఆమెకు మంచి పసుపు పంపుత బిడ్డా. మొకానికి కాదు, సల్లగుండాలని,” అన్నాడు. ఆ రాత్రంతా అత్తమ్మ కబుర్లే.

ఇప్పుడు మామ కూడా లేడు. నేను నిజామాబాద్ వచ్చేసి ఇక్కడి పిల్లలకు జపాన్ భాష నేర్పుతున్నాను. కరెంటు పోయిన సాయంత్రాలు మా ఇంట్లో దుప్పటి కట్టి ఆ ఆటే ఆడతాం. “ఎప్పుడు సూడు ముసలామెవే అయితవేందమ్మా, పులి తింటదని తెల్వదా?” అని విసుక్కుంటుంది మా చిన్నది. అచ్చం ఆనాటి దుబాసీ పిల్లలాగే. నాకు నవ్వొస్తుంది. ఈ మధ్య నా మోకాలూ పట్టేస్తోంది కాబట్టి నటించే పని తప్పింది. కొంగు సర్దుకుని, రెండడుగులకోసారి ఆగుతూ దుప్పటి చాటు నుంచి బయటికి వస్తాను. అవతల నుంచి ప్రతిసారీ పులే వస్తుంది.